పదిమందికీ ఒకే వాక్యం

"మాస్టారూ, అంకెలు పేదవాడికి ద్రోహం చేస్తే వాటిని సరిదిద్దడం తప్పవుతుందా?"

మనస్తత్వశాస్త్రం చదివే పైడిరాజు ఈ ప్రశ్నని ప్రయోగశాలలో నిలువునా మండిపోతూ అడిగాడు. ఒళ్లొంచి పనిచేసేవాళ్లకి జ్ఞాపకశక్తి తక్కువన్నది దొరలు అల్లిన కట్టుకథ అని అతని నమ్మకం. ఆ సంగతి రుజువు చేద్దామని కాలేజీలో ఊడ్చే పదిమందికీ, చదువుకునే పదిమందికీ ఇరవై మాటలు వినిపించి, ఎవరికెన్ని గుర్తున్నాయో రాసుకున్నాడు. విద్యార్థులు సగటున పదమూడు చెప్పారు. ఊడ్చేవాళ్లు ఏడు దాటలేదు. మర్నాడు ఆ ఊడ్చేవాళ్ల సభలోనే చదవవలసిన నివేదిక అది. సాయంత్రంలోగా మాస్టారి సంతకం పడాలి. ఏడుని పన్నెండు చేసేస్తే సరిపోతుంది.

"చరిత్ర మన పక్షానే ఉంది మాస్టారూ. ఈ అంకెలే అటు ఫిరాయించాయి."

హుస్సేన్ మాస్టారు వాదించే మనిషి కాదు. రికార్డు అందుకుని, అంకెలున్న పేజీ దాటేసి, పాల్గొన్నవారు తమకెలా అనిపించిందో చెప్పే పేజీ దగ్గర ఆగారు. ఊడ్చేవాళ్లు పదిమంది పేర్ల ఎదురుగానూ ఒకటే వాక్యం: 'ప్రయోగం ఆసక్తికరంగా అనిపించింది.'

"పదిమందీ ఇదే అన్నారా?"

"అడగలేదు మాస్టారూ. సీనియర్ల రికార్డుల్లోనూ ఇదే ఉంటుంది. ఆ పేజీకి మార్కులుండవు."

మాస్టారు వరండా ఊడుస్తున్న నూకరత్నాన్ని పిలిచారు. జాబితాలో మొదటి పేరు ఆవిడదే. కుర్చీ చూపిస్తే, "వద్దు బావూ, సీర తడిసిపోనాది" అని గుమ్మంలోనే నిలబడింది.

"మొన్న ఈ అబ్బాయి మాటలు చదివి వినిపించినప్పుడు మీకేమనిపించిందమ్మా?"

ఆవిడ పైడిరాజుని చూసి నవ్వింది. "మైకులో మా కోసం బాగా దంచుతాడు, ఆడికేటి! ఆ పిల్లలకి ఫేను కింద కుర్సీలేసినాడు. మమ్మల్నేమో సేతిలో సీపురుండగానే మెట్ల కాడ ఆపేసినాడు. మేస్త్రీ సూత్తే ఆ పూట కూలి కట్టయిపోద్ది. నా సూపంతా మెట్ల కిందే ఉంది. ఈయనేమో పర్వతం అంటాడు, పడవ అంటాడు. సెవికెక్కితేనా!"

అని పనిలోకి వెళ్లిపోయింది.

పైడిరాజుకి చెవులు వేడెక్కాయి. కుర్చీలు వేసింది అతనే. అవి కూడా ప్రయోగంలో భాగమేనని ఈ క్షణం దాకా తోచలేదు. మిగిలిన తొమ్మిదిమందికీ మొన్న అలాగే మెట్ల దగ్గర నిలబెట్టే మాటలు వినిపించాడు.

"ఇదంతా రాయాలా మాస్టారూ? వాళ్లని నిలబెట్టింది నేనేనని రేపు వాళ్ల ముందే చదవాలా?"

మాస్టారు ఏడుని ఏడుగానే ఉంచి, రికార్డులో ఒక తెల్ల పేజీ తిప్పి అతని ముందుకి జరిపారు.

"ఆవిడ నిలబడే చెప్పింది. నువ్వు కూర్చుని రాయడానికేం?"