ఉడుము బిరుసమ్మ దొంగ కన్నం

అనగనగా ఒక అడవిలో, రేల చెట్టు పక్కన, ఒక పెద్ద చెదల పుట్ట ఉండేది. ఎంత పెద్దదంటే, మీ నాన్న మునివేళ్ళ మీద నిలబడి చెయ్యెత్తినా దాని కొస అందదు. అందులో లక్ష చెదలు కాపురం ఉండేవి. వాటి మేస్త్రి పేరు ముద్దయ్య. మనిషి బియ్యపు గింజంత. గొంతు మాత్రం నాలుగు వీధులకు వినిపిస్తుంది.

ఆ పుట్టకు నాలుగు వైపులా నాలుగు గుమ్మాలు. గుమ్మాల దగ్గర చల్లగాలి వచ్చేది, చెమ్మ ఉండేది. ఎండాకాలం వస్తే అడవిలో సగం జనం అక్కడే పడుండేవారు. ముద్దయ్య వాళ్ళకు ఒకే ఒక్క మాట ఇచ్చాడు.

“ఈ నాలుగు గుమ్మాలు మా ముత్తవ్వ పెట్టించినవి. గడ్డిపోచంత కూడా కదలవు. కదిలితే నా మీసాలు గొరిగించుకుంటా. లోపలి గోడల సంగతి మాత్రం నన్ను అడక్కండి. ఏ గోడ ఎప్పుడు ఎటు పోతుందో నాకే తెలీదు!”

నిజమే. లోపల రోజూ కూల్చడమే, రోజూ కట్టడమే. గాలి ఆడకపోతే ఒక దారి మూసి ఇంకో దారి తెరిచేవారు. గోడ బీటలిస్తే, నిన్న కట్టిందైనా సరే, పీకేసేవారు. అందుకే ఆ పుట్ట అంత ఎత్తున నిలబడింది. మీ నాన్న చేత గోడకు ఒక్క మేకు కొట్టించడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఆ చెదలంటే నాకు భలే ముచ్చట.

ఆ పుట్ట దగ్గరికి ఒకరోజు ఉడుము బిరుసమ్మ వచ్చింది. ఉడుం పట్టు అంటారు చూడండి, ఆ పట్టు ఈవిడ వంశానిదే. ఏదైనా పట్టుకుంటే వదలదు. రాయిని పట్టుకున్నా అంతే, తప్పుడు ఆలోచనను పట్టుకున్నా అంతే. ఆమె కడుపులో ఏడు గుడ్లు ఉన్నాయి. వాటిని పెట్టడానికి వెచ్చటి చోటు కావాలి.

“మేస్త్రీ, మీ పుట్ట నడుమ వెచ్చగది ఉందట కదా. దాని పక్కన నా గుడ్లు పెట్టుకుంటా. ఇంక ఆ చుట్టుపక్కల గోడలు కదపనని మాట ఇయ్యి” అంది బిరుసమ్మ.

“ఇవ్వలేను అక్కా” అన్నాడు ముద్దయ్య. “వాగు అవతలి పుట్టవాళ్ళు అలాగే మాట ఇచ్చారు. ఒకరి కోసం పాత గోడ ఉంచారు. ఇంకొకరి కోసం పాత దారి ఉంచారు. కొత్తవి వాటి మధ్యలో ఇరికించారు. చివరికి గాలాడక ఆ పుట్టే కూలిపోయింది. ఇప్పుడక్కడ ఎవరూ లేరు.”

“మరి నా గుడ్లు?”

“రెండు దారులు ఉన్నాయి. గుమ్మం పక్క అరలో పెట్టుకో, ఆ అర ఎప్పటికీ కదలదు. లేదా లోపలే పెట్టుకో. కానీ ఎక్కడ పెట్టావో మాకు చూపించు. గోడ మార్చినప్పుడల్లా నీ గుడ్లను మేమే మోసి కొత్త చోట పెడతాం. నీకు పైసా ఖర్చు లేదు.”

పక్కనే నలికిరి నూకాలు ఉంది. నలికిరి అంటే తళతళలాడే ఒంటితో, పొట్టి కాళ్ళతో ఉండే బల్లి లాంటిది.

“నావి నాలుగు గుడ్లూ అట్టాగే లోపల పెట్టానొదినా” అంది నూకాలు. “ఇప్పటికి రెండుసార్లు మార్చారు. ఇప్పుడవి ఎక్కడున్నాయో నాకైతే తెలీదు గానీ, వెచ్చగా ఉన్నాయంట.”

గుమ్మం పక్క అర చల్లన, గుడ్లకు పనికిరాదు. ఇక నూకాలు మాటకు బిరుసమ్మకు ఒళ్ళు మండిపోయింది. తన గుడ్లు ఎక్కడున్నాయో తెలియని తల్లి కూడా ఒక తల్లేనా! పైగా కన్నం తవ్వడం ఆమెకు అమ్మమ్మ నేర్పిన విద్య. అది అందరికీ చూపిస్తే తన గొప్ప ఏం మిగులుతుంది? ముంగిస చెవిన పడితే గుడ్లేం మిగులుతాయి?

అందుకని ఆమె మూడో దారి కనిపెట్టింది. పుట్ట వెనక, నల్ల రాయి చాటున, తన గోళ్ళతో దొంగ కన్నం తవ్వింది. పాత వంటశాల దాటింది. ఎడమకు తిరిగింది. వెచ్చగది గోడకు ఆనుకుని ఏడు గుడ్లు పెట్టింది. కన్నం మొగలో ఆకులు కుక్కి, ఏమీ ఎరగనట్టు వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది.

వారం తిరగకుండా కన్నానికి అడ్డంగా గోడ లేచింది. బిరుసమ్మ ముద్దయ్య మీదికి వెళ్ళింది.

“నా దారికి అడ్డంగా గోడ కట్టారు!”

“ఏ దారి అక్కా?”

“అది చెప్పను.”

“ఎక్కడికి పోయే దారి?”

“అది అసలే చెప్పను.”

ముద్దయ్య మీసాలు నిమురుకున్నాడు. “నొప్పి ఎక్కడో చెప్పకుండా మందు రాయమంటే ఏ వైద్యుడు రాస్తాడు అక్కా? చూపించు, సరిచేస్తాం.”

ఆమె చూపించలేదు. వెళ్ళి తనే గోడ చుట్టూ తవ్వుకుంది. ఒక పూట పట్టింది.

ఇంకో పది రోజులకు వంటశాలనే ఎత్తేశారు. ఈసారి దారి వెతుక్కోవడానికి మూడు రోజులు పట్టింది. గోళ్ళు అరిగాయి, తల ప్రాణం తోకకు వచ్చింది. అయినా గుడ్ల దగ్గరికి చేరి, ఏడింటినీ ముక్కుతో తాకి చూసుకుంది. ‘చూశారా, ఎవరి సాయమూ లేకుండా నేనే చేసుకున్నా’ అనుకుంది. తను చేసుకున్న పనంతా తను తెచ్చిపెట్టుకున్నదేనని మాత్రం తట్టలేదు.

తర్వాత తూర్పున మబ్బు పట్టింది. తొలకరి వచ్చేస్తోంది. ముద్దయ్య గుమ్మం మీదికెక్కి కేక పెట్టాడు.

“అందరూ వినండి! తూర్పు గోడ నాని ఉంది. వెచ్చగదిని పడమటికి మారుస్తున్నాం. ఇప్పుడున్న చోటును వాన నీళ్ళు పోయే కాలవ చేస్తున్నాం. లోపల ఎవరివైనా ఉంటే చెప్పండి, మేమే మోస్తాం!”

“నాయి నాలుగు!” అని నూకాలు తోక ఎత్తింది.

ముద్దయ్య రెండోసారి అరిచాడు. బిరుసమ్మ నోరు తెరిచింది.

ముద్దయ్య మూడోసారి అరిచాడు. చెప్తే ఇన్నాళ్ళూ దాచింది బయట పడుతుంది. నూకాలు నవ్వుతుంది. ‘ఎన్ని గోడలు మార్చలేదు, నేను ఎన్ని సరిచేసుకోలేదు!’ అనుకుని నోరు మూసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం వాన దంచి కొట్టింది. బిరుసమ్మ కన్నంలోకి దూరింది. పది అడుగులకే కొత్త గోడ. కుడికి తవ్వింది, అక్కడా గోడే. ఎడమకు తవ్వితే చల్లటి నీళ్ళు మొహాన కొట్టాయి. ఆ నీళ్ళు పోయేది తన గుడ్ల వైపే. అదివరకు తెలిసిన ఒక పాత గోడ ముక్కను పట్టుకుని వేలాడింది. వంశం పట్టు కదా! ఆ ముక్క గోడతో సహా ఊడి ఆమె నెత్తిన పడింది.

అప్పుడు పట్టు వదిలింది. పరుగున తూర్పు గుమ్మానికి వచ్చింది. గుమ్మం ఎక్కడిదక్కడే ఉంది.

“మేస్త్రీ! నా గుడ్లు లోపలున్నాయి! ఏడు! నీళ్ళు వస్తున్నాయి!” అని అందరి ముందూ గొంతు చించుకుని అరిచింది.

“ఎక్కడ?”

“పాత వంటశాల దాటి ఎడమకు...”

“ఆ వంటశాల ఎప్పుడో తీసేశాం అక్కా!”

“వెచ్చగది గోడకు ఆనుకుని...”

“ఏ గోడకు? అవన్నీ కూల్చేశాం. నువ్వు చెప్పే ఇల్లు ఇప్పుడు లేదక్కా. గుర్తులన్నీ పాతవి.”

బిరుసమ్మ కూలబడింది. ఏడ్చింది. నాకు ఆ ఉడుమంటే ఇంతసేపూ నవ్వే వచ్చింది గానీ, ఇక్కడ మాత్రం జాలేస్తుంది.

నూకాలు నవ్వలేదు. “వదినా, నీ కన్నం ఎక్కడుంది? ముందు అది చూపించు. లెగు!” అంది.

బిరుసమ్మ అందరినీ నల్ల రాయి వెనక్కి తీసుకెళ్ళింది. అమ్మమ్మ విద్య, ఆకుల మూత, అంతా చూపించేసింది. ముద్దయ్య ఆమెను కన్నం కొసకు వెళ్ళి తోకతో గోడను బాదమన్నాడు. ఆమె నీళ్ళలో నిలబడి ధబ్ ధబ్‌మని బాదింది. లోపల చెదలు గోడలకు మీసాలు ఆనించి, ఆ చప్పుడు ఎటునుంచి వస్తుందో పట్టుకుని తవ్వుకుంటూ వెళ్ళాయి. తవ్విన సందులోంచి కాలవ నీళ్ళు తమ పసివాళ్ళ వైపు రాకుండా మూడు వందల చెదలు బురదలో అడ్డం నిలబడ్డాయి. అందులో కొన్ని తిరిగి రాలేదు.

గుడ్లు దొరికాయి. ఐదు. రెండింటిని నీళ్ళు తీసుకుపోయాయి.

“నిన్న చెప్పి ఉంటే ఏడూ ఉండేవి కదా?” అని బిరుసమ్మ అడిగింది.

ముద్దయ్య ఒళ్ళంతా బురద. అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు. “ఉండేవి అక్కా” అన్నాడు. “మావాళ్ళూ ఉండేవారు.” అని ఐదు గుడ్లనూ మోయించుకుని పడమటి వైపు వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి బిరుసమ్మ తూర్పు గుమ్మం దగ్గరే కూర్చుంది. గుడ్లు ఎక్కడున్నాయో ఆమెకు తెలీదు. లోపల గోడలు ఇంకో మూడుసార్లు మారాయి. మారినప్పుడల్లా ముద్దయ్య మనిషిని పంపి చెప్పేవాడు, “వెచ్చగా ఉన్నాయి అక్కా, ఐదూ” అని. ఆమె తలూపేది. ప్రతిసారీ ఆ ఐదూ అనే మాట వినడం అంత తేలికేం కాదు.

వానలు వెళ్ళిపోయాక ఒక పొద్దున, సరిగ్గా ముత్తవ్వ పెట్టించిన ఆ గుమ్మంలోంచి, ఐదు ఉడుము పిల్లలు ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికి వచ్చాయి. చివరిది వెనక్కి తిరిగి చూసింది.

“అమ్మా, లోపల భలే ఉంది. మళ్ళీ ఆ గదికి ఎటు పోవాలే?”

బిరుసమ్మ నోట్లో అలవాటు కొద్దీ ఎడమ, కుడి అంటూ ఏదో కదిలింది. మింగేసింది.

“గుమ్మం దాకానే నాకు తెలుసు నాన్నా” అంది. “లోపలి సంగతి మేస్త్రిని అడుగు. ముందు నీ పేరు చెప్పి అడుగు.”

నీతి: ఇచ్చిన మాటను నమ్ముకో, ఇవ్వని మాటను పట్టుకు వేలాడకు, రోజూ మారే ఇంట్లో నీది ఏదైనా పెడితే, ఆ ఇల్లు మార్చేవాళ్ళకు ముందే చూపించు.