చెరువు ఏ చేతి వైపు

సోమయాజులు మాస్టారు శనివారం నాడు ఎవరి సందేహమూ తీర్చరు. మిగతా రోజుల్లో సాయంత్రం పూట మేడ మీది గదిలో పాతికమంది పెద్దవాళ్ళకి గీత చెబుతారు, అడిగినదానికల్లా ఓపిగ్గా బదులిస్తారు. శనివారం పొద్దున్న మాత్రం ఎంత పెద్ద ప్రశ్న పట్టుకెళ్ళినా ఒకటే మాట. "నెమలిగెడ్డ బస్సెక్కుదాం, పద."

నెమలిగెడ్డ ఊరికి పద్దెనిమిది కిలోమీటర్లు. మూడు కొండల నడుమ పెద్ద చెరువు, దాని చుట్టూ నాలుగు కిలోమీటర్ల కాలిబాట, బాట మొదట్లోనే బస్సు ఆగే చోటు. కారు ఉండక్కర్లేదు. సంచీలో మంచినీళ్ళ సీసా పెట్టుకుని మొదటి బస్సో రెండో బస్సో ఎక్కితే, జీడితోటలూ చెక్క వంతెనా దాటి ఒక చుట్టు తిరిగి భోజనాల వేళకి ఇంట్లో ఉండొచ్చు. ఇటే తిరగాలని అక్కడ ఎవరూ బోర్డు పెట్టలేదు. అయినా మనవాళ్ళ సంగతి తెలిసిందే కదా, గుండ్రంగా ఉన్నదేది కనబడినా కుడిచేతి వైపు పెట్టుకునే తిరుగుతారు. ఆ చెరువు మధ్యలో గుడి లేదు, గోపురం లేదు, నాలుగు నీటికోళ్ళు తప్ప. ఆ నీటికోళ్ళకే అందరూ బుద్ధిగా ప్రదక్షిణం చేసి బస్సెక్కుతుంటారు.

ఆషాఢమాసంలో ఒక శనివారం మాస్టారి పక్కన కిటికీ సీట్లో కూర్చున్నది వరహాలమ్మ. పోస్టాఫీసులో ముప్పైరెండేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఒకరి చేత తప్పు పట్టించుకోకుండా సర్వీసంతా గడిపానని ఆవిడకి కాస్త గర్వం కూడా. ఆ రోజు మాత్రం మొహంలో గర్వం లేదు, రాత్రంతా నిద్రపట్టనివాళ్ళ కళ్ళలా ఉన్నాయి ఆవిడ కళ్ళు.

దీనికంతటికీ కారణం ఒక్క మాట. వరహాలమ్మా, రైల్వే గార్డు గారి భార్య మాణిక్యాంబా ఒకే రోజున మాస్టారి పాఠంలో చేరారు. తొమ్మిదేళ్ళు ఒకే చాప మీద కూర్చున్నారు. ఒకరి కళ్ళజోడు ఒకరు పెట్టుకుని చదివేంత స్నేహం. కిందటి కార్తీకంలో మాస్టారు వరహాలమ్మని మొదటిసారి సభలో మాట్లాడమన్నారు. ప్రదక్షిణం గురించి నాలుగు మాటలు. కొత్త పట్టుచీర కట్టుకుని, ఎనభైమంది ఎదుట నిలబడి, ఆవిడ బాగానే మొదలుపెట్టింది. ఇంతలో, "స్వామి మన ఎడమచేతి వైపు ఉండేలా తిరగాలి" అని నోరు జారింది. ముందు వరసలోంచి మాణిక్యాంబ గట్టిగా, "కుడి!" అని అరిచింది. ఎనభైమందీ ఘొల్లున నవ్వారు. వరహాలమ్మకి తర్వాతి మాట గుర్తుకు రాలేదు. అక్కడితో ఆపి నమస్కారం పెట్టి దిగిపోయింది.

మర్నాడు ఇద్దరూ మాస్టారి దగ్గర పంచాయితీ పెట్టారు. "నేను వాళ్ళకెదురుగా నిలబడ్డాను, నాకు ఎడమైతే వాళ్ళకి కుడేగా" అంది వరహాలమ్మ. అది సాకేనని ఆవిడకీ తెలుసు. "శాస్త్రంలో ఉన్నది కుడి" అంది మాణిక్యాంబ. మాస్టారు నవ్వి, "ఆవిడ నిలబడ్డచోట ఆవిడదీ ఒప్పే, నువ్వు కూర్చున్నచోట నీదీ ఒప్పే" అన్నారు. ఆ తీర్పు పట్టుకుని ఇద్దరూ చెరో దారినా ఇంటికి పోయారు. చాపలు వేరయ్యాయి. శనివారాలు ఎదురుపడాల్సి వస్తుందని మాణిక్యాంబ మొదటి బస్సుకి మారింది. అలా ఎనిమిది నెలలు గడిచాయి.

"ఇద్దరిదీ ఒప్పేనని మీరే అన్నారు కదా మాస్టారూ" అంది వరహాలమ్మ బస్సు ఊరు దాటాక. "ఒప్పులో ఉన్న ఇద్దరు మనుషులు కలవలేకపోవడం ఏమిటి? వాళ్ళాయనకి రాయపూర్ బదిలీ అయిందట. సోమవారం సామాను లారీ ఎక్కుతుంది. ఇక ఈ జన్మలో..." అని ఆగిపోయింది.

మాస్టారు ఆ మాట విననట్టే ముందుకి వంగి చూశారు. "ఆ కిటికీ అద్దం దించమ్మా, జల్లు కొడుతోంది."

నెమలిగెడ్డలో దిగాక ఆయన బస్టాపు సిమెంటు బల్ల మీద కూర్చుని పక్కన కాఫీ ఫ్లాస్కు పెట్టుకున్నారు. మోకాళ్ళు అరిగినప్పటి నుంచి ఆయన నడక అంతవరకే. "మాణిక్యం ముందు బస్సులో వచ్చేసి ఉంటుంది. నువ్వు తిరిగిరా" అన్నారు.

వరహాలమ్మ చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపి, చెరువుని కుడిచేతి వైపు పెట్టుకుని బయల్దేరింది. వాన వెలిసింది. జీడితోట దగ్గరికి వచ్చేసరికి అవతలి గట్టు మీద చిలకపచ్చ చీరా, నల్లగొడుగూ కనబడ్డాయి. ఆ చీర తనే కొనిపెట్టింది, పోయినేడాది పుట్టినరోజుకి. అది చూడగానే కోపం సగం చచ్చిపోయింది. ఎలాగైనా అందుకోవాలని అడుగు పెద్దది చేసింది.

ఎంత వడిగా నడిచినా లాభం లేకపోయింది. తను చెక్క వంతెన ఎక్కేసరికి చిలకపచ్చ చీర పంపుహౌసు దాటింది. తను పంపుహౌసు చేరేసరికి ఆ చీర బస్టాపు దగ్గర క్షణం ఆగి, మళ్ళీ జీడితోట వైపు సాగిపోయింది. పైగా ఆ నడక మామూలు నడక కాదు, దాదాపు పరుగు. వరహాలమ్మకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నన్ను చూసే పారిపోతోంది, అనుకుంది. తొమ్మిదేళ్ళు నా కళ్ళజోడు పెట్టుకున్న మనిషి, పలకరిస్తానేమోనని పరిగెడుతోంది.

చుట్టు పూర్తయి బస్టాపు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఆయాసపడుతోంది. "చూశారా మాస్టారూ? నా మొహం చూడటం కూడా ఇష్టం లేదు దానికి."

"ఇందాక ఇక్కడ ఆగింది" అన్నారు మాస్టారు. "వరహాలు ఎటు వెళ్ళిందని అడిగింది. నువ్వు కనబడ్డప్పటి నుంచి నిన్ను అందుకోవాలనే నడుస్తోందట. ఇది రెండో చుట్టు పాపం."

"నా కోసమా? అయితే ఎక్కడో చోట ఆగొచ్చుగా!"

"నీ గురించి ఆవిడా అదే మాట అంది."

"మరి మీరేం చెప్పారు?"

"ఎటు వెళ్ళిందని అడిగితే ముందుకే వెళ్ళిందన్నాను. నిజమేగా." ఆయన బల్ల మీద కాస్త జరిగారు. "కూర్చుంటానంటే కూర్చో. చోటుంది. చుట్టు తిరిగి ఎలాగూ ఇటే వస్తుంది."

వరహాలమ్మ కూర్చోబోయింది. కూర్చుంటే తేలికే. మాణిక్యాంబే వస్తుంది, వచ్చి ముందు ఆవిడే మాట్లాడాల్సి వస్తుంది. అంతవరకూ ఆలోచించేసరికి వరహాలమ్మకి తన మీద తనకే సిగ్గేసింది. ఎనిమిది నెలలుగా ఇంట్లో వాకిలి వైపు చూస్తూ చేసిన పని ఇదే కదా. పైగా మాణిక్యాంబకి కాళ్ళవాపు. తన కోసం రెండో చుట్టు తిరుగుతోంది, ఆ కాళ్ళతో. దారిలో ఏ బండ మీదో కూలబడిపోతే, ఎనిమిదిన్నర బస్సు తప్పిపోతే, ఇంటి నిండా కట్టాల్సిన సామాను పెట్టుకుని ఎలా వెళ్తుంది?

ఆవిడ కూర్చోలేదు. బాట మొదట్లో నిలబడి ఒకసారి కుడివైపుకి చూసింది, ఒకసారి ఎడమవైపుకి చూసింది. తర్వాత చెంపలు రెండూ గట్టిగా వాయించుకుని, చెరువుని ఎడమచేతి వైపు పెట్టుకుని నడవడం మొదలుపెట్టింది.

మొదటి పది అడుగులూ కాళ్ళు తడబడ్డాయి. పుట్టి బుద్ధెరిగాక తులసికోట చుట్టూ కూడా ఆవిడ ఎన్నడూ అలా తిరగలేదు. ఎదురొచ్చేవాళ్ళు వింతగా చూశారు. పంపుహౌసు దగ్గర మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆవిడ విసనకర్ర ఆపి, "ఏటమ్మా, ఎనక్కొచ్చేస్తన్నావు? ఏటైనా పడిపోనాదేటి?" అంది.

"అవునమ్మా, పడిపోయింది. అదే వెతుక్కుంటున్నాను" అంది వరహాలమ్మ, ఆగకుండా.

ఆవిడ తమాషాగా ఇంకొకటి గమనించింది. ఇన్నేళ్ళుగా శనివారం శనివారం ఈ బాట మీద ముందువాళ్ళ వీపులే చూస్తూ నడిచింది. ఇవాళ అందరి మొహాలూ కనబడుతున్నాయి. ఒకప్పుడు పెన్షన్ కోసం తన కౌంటరు ముందు నిలబడే ఇద్దరు ముసలాళ్ళు ఆవిడని గుర్తుపట్టి దండం పెట్టారు. వాళ్ళూ ప్రతి శనివారం వస్తారట.

చెక్క వంతెన ఈ చివర ఆవిడ, ఆ చివర చిలకపచ్చ చీర. మాణిక్యాంబ వంతెన కమ్మీ పట్టుకుని, కాళ్ళు ఈడుస్తూ, తల వంచుకుని వస్తోంది. తలెత్తి చూసింది. చూడటంతోనే మొహం కంగారుగా పెట్టి, గొడుగు పైకెత్తి ఊపుతూ, "కుడి! ఏమే వరహాలూ, నీకేమైనా మతిపోయిందా? కుడి!" అని చెరువంతా దద్దరిల్లేలా అరిచింది.

అరిచాక తనేమన్నదో తనకి తెలిసింది. గబుక్కున రెండు చేతులతో నోరు మూసుకుంది. గొడుగు వంతెన మీద పడి దొర్లింది.

వరహాలమ్మ కదలకుండా నిలబడింది. ఎనిమిది నెలలుగా ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఆవిడకి ఎనభైమంది నవ్వే వినబడేది. ఇవాళ నవ్వేవాళ్ళెవరూ లేకపోవడం వల్ల కాబోలు, మాట ఒక్కటే వినబడింది. అందులో వెక్కిరింత లేదు. రోడ్డు మీదికి పరిగెత్తే పిల్లని రెక్క పట్టుకుని లాగే తల్లి గొంతులో ఉండే కంగారు తప్ప ఇంకేమీ లేదు. ఆ రోజూ అంతే ఉండి ఉంటుంది.

వెళ్ళి గొడుగు తీసి స్నేహితురాలి చేతిలో పెట్టింది. "ఎడమవైపే తిరిగానే. తప్పే. తెలిసే తిరిగాను."

"తెలిసి తెలిసి ఎందుకే?"

"ఒప్పుగా తిరిగితే నీ వీపు తప్ప ఏమీ కనబడటం లేదు."

మాణిక్యాంబ ఏడ్చేసింది. కమ్మీకి ఆనుకుని చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. "ఆ రోజు నేను నోరు మూసుకుని ఉండాల్సింది వరహాలూ. ఇంటికొచ్చాక చెప్పాల్సింది."

"నోరు మూసుకుంటే ఎనభైమందికీ ఎడమే నేర్పి పంపించేదాన్ని" అంది వరహాలమ్మ. ఆ రోజు సభలో తను చెప్పింది తప్పన్న మాట ఎనిమిది నెలల్లో ఆవిడ నోటంట రావడం అదే మొదటిసారి. కొంగుతో మాణిక్యాంబ కళ్ళూ, తన కళ్ళూ తుడిచి, చేతిలో సంచీ లాక్కుంది. "ఇలా తే, నేను మోస్తాను. సోమవారం లారీకి ముందు ఎన్ని పెట్టెలు కట్టాలి? ఊరగాయ జాడీలు నువ్వు కట్టకు, పగలగొడతావు. సాయంత్రం నేనొస్తాను."

ఇద్దరూ నడిచారు. రాయపూర్లో ఇల్లెక్కడ, కాళ్ళవాపుకి ఏం మందు, పాఠంలో ఎన్నో అధ్యాయం దగ్గర ఎవరు నిద్రపోయారు, అన్నీ ఒకేసారి మాట్లాడుకున్నారు. బస్టాపు చేరేసరికి ఎనిమిదిన్నర బస్సు వచ్చి ఆగి ఉంది. మాస్టారు ఫ్లాస్కు మూతలో మిగిలిన కాఫీ మాణిక్యాంబకి అందించారు.

"చెరువుని ఏ చేతి వైపు పెట్టుకుని వచ్చారమ్మా?" అని అడిగారు.

వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాణిక్యాంబ కాసేపు ఆలోచించి తల అడ్డంగా ఊపింది.

"చూసుకోలేదు మాస్టారూ" అంది వరహాలమ్మ.

మాస్టారు ఫ్లాస్కు మూత బిగించి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచారు. "అయితే సరిగ్గానే వచ్చారు. బస్సెక్కండి."