తవ్వనివ్వని బంగారు గుట్ట

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ ఎవరూ సరిగ్గా తవ్వి చూడని ఒక రాతిగుట్ట. గుట్ట కింద వాగు. వాగు ఒడ్డున కుందేలుకూ ఏదుపందికీ ఇంకా ఎన్నో జంతువులకూ చల్లని బొరియలు.

ఒకరోజు ఒళ్లంతా పొలుసులున్న ముసలి అలుగు చీమల కోసం గుట్ట మీద పుట్ట తవ్వింది. మట్టిలో రెండు పసుపు నలుసులు మెరిశాయి. పక్క రాతిలో వెంట్రుకంత వెండి తీగ కనిపించింది.

"బంగారమా తాతా?" అని కుందేలు అడిగింది.

"ఉండొచ్చమ్మా. లేకపోనూవచ్చు. ఇంకో మూడు చోట్ల లోతుగా తవ్వితే గానీ చెప్పలేను," అంది అలుగు.

ఆ మాట నక్క చెవిన పడింది. పొద్దుగూకేలోగా అడవంతా చాటింది.

"గుట్ట నిండా బంగారం, వెండి! అలుగు తాతే చెప్పాడు! కానీ గుట్ట మీద కాపురం పెట్టినవాళ్లకే వాటా. కింద బొరియ ఉంచుకున్నవాళ్లకు నలుసు కూడా రాదు. వాగుకు దిగినా వాటా పోయినట్టే!"

విన్నారా పిల్లలూ? తవ్విన అలుగు 'ఉండొచ్చు' అంది. తవ్వని నక్క 'ఉంది' అంది. అందరికీ నక్క మాటే తియ్యగా ఉంది! బొరియలు నక్కకు అప్పగించి, పిల్లలను వెంటేసుకుని గుట్టెక్కారు. అక్కడ నీడ లేదు. ఆకుల మీది మంచే నీళ్లు.

"మూడు గోతులు తవ్వి చూస్తాను," అంది అలుగు.

"ఇప్పుడు ముహూర్తం లేదు," అంది వాళ్లను చూసిపోవడానికి గుట్టెక్కి వచ్చిన నక్క.

వారం పోయాక ఏదుపంది అడిగింది.

"తవ్వితే లక్ష్మీదేవి అలిగి వెళ్లిపోతుంది," అంది నక్క.

ఎండలు ముదిరాక కుందేలు అడిగింది. "బావా, పిల్లలు దాహంతో అల్లాడుతున్నారు. ఉందో లేదో తేల్చెయ్!"

"అంత అనుమానమైతే దిగిపో మరదలా. నీ వాటా కోసం పదిమంది కాచుకున్నారు."

కుందేలు వెనక్కి తిరిగి పిల్లల దగ్గరికి వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండేది అక్కడే! నక్క నక్కబుద్ధి చూపించింది, సరే. మరి గోళ్లున్న వీళ్లంతా చేతులు ముడుచుకుని కూర్చున్నారే! వాళ్లకేమైంది?

ఆ తర్వాత మూడో రోజు కుందేలు పిల్లల్లో చిన్నది నీళ్లు లేక చచ్చిపోయింది.

కుందేలు దాన్ని నోట కరుచుకుని గుట్ట దిగింది. మిగతావాళ్లు వెనకే నడిచారు. వాగులో కాళ్లు పెట్టుకుని నక్క చుట్టాలతో కబుర్లాడుతోంది.

పిల్లను దాని ముందు పడుకోబెట్టి కుందేలు అంది: "బావా, నా వాటా నీకే. అందరి వాటాలూ నీకే. గుట్టంతా తీసుకో. మా బొరియలు మాకిచ్చెయ్."

నక్క కదలలేదు.

"లేవవేం? అంత బంగారం ఊరికే ఇస్తుంటే లేవవేం?" అని అరిచింది ఏదుపంది.

ఏదుపంది ముళ్లు విప్పింది. నక్కా దాని చుట్టాలూ తోక ముడిచి పరుగెత్తారు.

బొరియలు తిరిగొచ్చాయి. పిల్ల రాలేదు.

ఇంతకీ గుట్టలో బంగారం ఉందా అంటారా? నాకూ తెలియదు. అలుగు రెండు గోతులు తవ్వింది. ఉత్త రాయి తగిలింది. ఇప్పుడు మూడోది తవ్వుతోంది. దాహమైతే దిగొచ్చి, వాగులో నీళ్లు తాగి, మళ్లీ ఎక్కుతోంది.

నీతి: తవ్వి చూడనివ్వనివాడి బంగారాన్ని నమ్మి, తాగే నీటిని వదులుకోకండి.