రాజుగారి అలక

అనగనగా జయకేతు అని ఒక రాజు. ఆయన రాణి చంపకవల్లి. పెళ్లయి ఏడేళ్లు. ఏమైందో ఏమో, ఒకరోజు రాజు మంచం దిగలేదు, నోరు విప్పలేదు. గోడకేసి తిరిగి పడుకున్నాడు.

"అలిగాడమ్మా! పెళ్లిలో అలకపాన్పు ముచ్చట మీవాళ్లు సరిగ్గా తీర్చినట్టు లేదు" అన్నారు అంతఃపురంలో ముసలమ్మలు. అల్లుడు మంచమెక్కితే వాళ్లకి అలక తప్ప ఇంకేం తోస్తుంది!

రాణి పుట్టింటి నుంచి ఏనుగును తెప్పించింది. "అలక తీరిందా స్వామీ?" రాజు పలకలేదు. వజ్రాల కత్తి తెప్పించింది. "అలక తీరిందా స్వామీ?" పలకలేదు.

"ఏడు సముద్రాల అవతల మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంది. అది పట్టుకుంటే మీరు చెప్పిందల్లా వాడు చేస్తాడు" అన్నారు ముసలమ్మలు.

ఈసారీ పలక్కపోతే పుట్టింటికి పోతాననుకుని, రాణి ఒక తాబేలునెక్కి బయల్దేరింది. ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, మూడు దాటింది. నాలుగోదాంట్లో ఏడుపొచ్చింది.

"నేనేం తప్పు చేశాను?"

"నాకేం తెలుసమ్మా, ఈదడం తప్ప!" అంది తాబేలు.

ఎలాగో చేరి చిలకను పట్టుకుంది. మాంత్రికుడు పరుగెత్తుకొచ్చాడు.

"ఏం కావాలి తల్లీ?"

"మా ఆయన అలక తీర్చు."

వాడు తమలపాకు మీద అంజనం వేసి చూశాడు. "ఇది అలక కాదమ్మా. అలిగినవాడు గోడకేసి తిరిగినా చెవి తలుపు వైపే పెడతాడు. ఈయనకేమీ వద్దు. దిగులు పట్టుకుంది."

"అయితే దిగులే తీసెయ్."

"కొండలు కదుపుతాను గానీ అది నావల్ల కాదు. ఏమీ అడక్కుండా ఎప్పుడైనా పక్కన కూర్చున్నావా?"

రాణి చిలకను వదిలేసి, మళ్లీ ఏడు సముద్రాలూ దాటింది.

ఇంటికొచ్చి మంచం అంచున కూలబడింది. "అలిసిపోయాను" అంది, అంతే. ఏమీ అడగలేదు. మర్నాడూ అలాగే కూర్చుంది. మూడోనాడు రాజు మెల్లగా ఇటు తిరిగాడు.

"నీ మీద కోపం లేదు. ఆ మాట చెప్పడానికీ ఓపిక లేకపోయింది."

రాణి వెక్కి వెక్కి ఏడ్చింది. కాసేపటికి రాజు అడిగాడు, "ఆ ఏనుగుకి మేత వేస్తున్నారా?" ఏడుస్తూనే నవ్వేసింది.

వాళ్లు చాలాకాలం చల్లగా ఏలారు. దిగులు మళ్లీ రాలేదా అంటే వచ్చింది. అప్పుడు రాజు "ఇవాళ బాగోలేదు" అనేవాడు. రాణి "సరే" అని పక్కన కూర్చునేది. అలిగారా అని మాత్రం ఎప్పుడూ అడగలేదు.