గవరమ్మ గునపం

కోటవీధిలో రాజులనాటి ఇంట్లో పిండిమర నడిపే గవరమ్మ, కరెంటు కోతలకు విసిగి మిద్దె మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించింది. మర్నాడే పురాతన కట్టడాల అధికారి జీపు దిగాడు.

"రాజుల కాలంలో లేనిదేదీ ఈ ఇంటికి ఉండకూడదు. పీకించు, లేదంటే మర మూయిస్తా."

గవరమ్మ గునపం తెచ్చి, ఆయన ఆఫీసువాళ్లు గుమ్మం పక్కన మేకులతో కొట్టిన ఇనపబోర్డు కింద దూర్చింది. "పురాతన కట్టడం, కొత్తవేవీ తగిలించరాదు" అని దానిమీద రాసుంది.

"ప్రభుత్వ బోర్డు ముట్టుకుంటావా?" అని అధికారి అడ్డుపడ్డాడు.

"రాజుల కాలంలో ఇదీ లేదు బాబూ. పైగా మీ మేకులకే గోడ సున్నం రాలింది. ముందొచ్చిందాన్ని ముందు పీకుదాం."

"బోర్డు ఉండనీ," అన్నాడు అధికారి, గొంతు తగ్గించి.

"అయితే ప్యానెళ్లూ ఉంటాయి," అని గవరమ్మ మర తిప్పడానికి వెళ్లింది. గునపం మాత్రం బోర్డు పక్కనే ఆనించి ఉంచింది.