పెనుమాల వారు దీవిలో బడికి కప్పు వేసిన వైనం

పెనుమాల వారి ఇంట్లో ఉన్నది ముగ్గురే, గర్వం మాత్రం ముప్పై మందికి సరిపోతుంది. పెద్దాయన ఇశ్రాయేలు, ఆయన భార్య సుగుణమ్మ, తమ్ముడు జక్కరయ్య. రేకుల కప్పు వేయడంలో కోనసీమ మొత్తం మీద వాళ్ళకి సాటి లేదు, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. చేతులు అంత మంచివి. బుర్రల సంగతే ఎత్తకూడదు. ఖర్మేమిటంటే వాళ్ళు రోజూ ఎత్తేది ఆ సంగతే. "ఊళ్ళో అందరూ చెప్పింది సగం విని సగం గాలికొదిలేస్తారు. మేం అక్షరం పొల్లుపోనివ్వం. తెలివంటే అదీ!" అనేవాడు ఇశ్రాయేలు, దారిన పోయే ప్రతివాణ్ణీ ఆపి మరీ.

ఆ ఏడు సముద్రం అవతల ఒక దీవిలో తుపాను వచ్చి బడి కప్పు ఎగిరిపోయింది. ఆ దీవిలో ఉన్నది మనవాళ్ళే. ఎప్పుడో ముత్తాతల నాడు చెరుకు కొట్టడానికి ఓడెక్కి వెళ్ళి అక్కడే ఉండిపోయారు. పది రోజుల్లో వానాకాలం. ఈలోగా కప్పు పడకపోతే బడికి తాళం, నలభై మంది పిల్లలూ చెరుకు తోటల్లోకే. మా చర్చి సేవాసంఘం కార్యదర్శి గ్రేసమ్మ గారు ఆలోచించి ఆలోచించి పెనుమాల వారిని పంపిద్దామన్నారు. ఆవిడ వాళ్ళ చేతులే చూశారు. మంచావిడ, పాపం.

వెళ్ళేముందు సూచనల కాగితం ఒకటి చేతికిచ్చి, "ఇందులో ఉన్నది ఉన్నట్టు చేయండి, చాలు" అన్నారు.

"ఆయ్! ఉన్నది ఉన్నట్టే చేస్తామండి," అన్నాడు ఇశ్రాయేలు. ఒక సూచన తాలూకు పని అయ్యాకే రెండోది చదవాలని ఇంట్లో నియమం పెట్టాడు. "రెండూ ఒకేసారి చదివితే కలిసిపోవూ?"

"ఏం బుర్ర అన్నయ్యా నీది!" అని మురిసిపోయాడు జక్కరయ్య.

మొదటి సూచన, మనిషికి ఇరవై మూడు కిలోల సామాను. బట్టలూ సుత్తులూ పెట్టి తూస్తే పదమూడే వచ్చాయి. "పది కిలోలు తక్కువండీ, విమానం ఎక్కనిస్తారో లేదో," అని సుగుణమ్మ కంగారుపడింది. ఇంకేముంది! ఒక పెట్టెలో సన్నికల్లు పెట్టారు, ఒక పెట్టెలో రుబ్బురోలు పొత్రం పెట్టారు, మూడో దాన్నిండా ఇటుకలు పేర్చారు. కాటా సరిగ్గా ఇరవై మూడు చూపించేదాకా ఇటుక ముక్కలు కొట్టి వేస్తూనే ఉన్నారు.

రెండో సూచన, పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వకండి. అంతే. విమానాశ్రయంలో ముద్ర వేసే ఆఫీసరు చెయ్యి చాపితే జక్కరయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

"పాస్‌పోర్టు ఇవ్వవయ్యా."

"ఇవ్వనండి. కావాలంటే చూడండి."

"ముద్ర వెయ్యాలయ్యా బాబూ!"

"వెయ్యండి, వద్దన్నానా? నేను పట్టుకుంటాను."

వెనకాల వరస పెరిగిపోయింది. ఆఫీసరు విసిగిపోయి, వాడు పట్టుకుని ఉండగానే ముద్ర గుద్దాడు. సగం కాగితం మీద పడింది, సగం జక్కరయ్య బొటనవేలి మీద. అది చెరిగిపోతే దేశంలోకి రానివ్వరేమోనని వాడు పది రోజులు ఆ చెయ్యి కడగలేదు.

విమానంలో పనిచేసే మన విజయనగరం పిల్ల ఒకతి తెలుగులోనే చెప్పింది: "మీ సీటు కింద మీ జాకెట్ ఉంటుంది. ఈ తాడు లాగితే ఉబ్బుతుంది."

"మనది మనం వదిలేసి వెళ్తే బావుంటుందా?" అంది సుగుణమ్మ. దీవిలో దిగగానే ముగ్గురూ పసుపు జాకెట్లు తొడుక్కుని తాళ్ళు లాగారు. గుమ్మడికాయల్లా ఉబ్బి మెట్లు దిగుతున్న ఆ ముగ్గురినీ చూసి, తీసుకెళ్ళడానికి వచ్చిన బడి టీచరు సింహాద్రమ్మ గారు విమానం నీళ్ళలో పడిందేమోనని గుండె పట్టుకుంది. విమానం వాళ్ళు వెంటపడి జాకెట్లు ఊడబీక్కున్నారు. "మనవే అని చెప్పి మళ్ళీ లాక్కుంటారేంటి, మాట మీద నిలబడరు," అని ఇశ్రాయేలు చీదరించుకున్నాడు.

తర్వాతి సూచన, పెట్టింది వద్దనకండి, అంటే నొచ్చుకుంటారు. ఆ దీవిలో మన పాత పద్ధతే ఉంది. అతిథి విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేదాకా వడ్డించేవాళ్ళు ఆపరు. వీళ్ళు చెయ్యి పెట్టరు, సింహాద్రమ్మ గారు గరిటె ఆపదు. మధ్యాహ్నం మొదలైన భోజనం దీపాల వేళదాకా సాగింది. పక్క ఇళ్ళ నుంచి కూడా అన్నం తెచ్చారు. ముగ్గురూ మూడు రోజులు మంచం మీద నుంచి లేవలేదు. పదిలో మూడు పోయాయి.

లేచాక ఇంకో సూచన చదివారు. అక్కడివాళ్ళు చెప్పిన పనే చేయండి, సొంత పెత్తనం వద్దు. "ఈ నిచ్చెన కాస్త పట్టుకో నాయనా," అని సింహాద్రమ్మ గారు జక్కరయ్యకి చెప్పి, పిల్లలకి పాఠం చెప్పడానికి వెళ్ళింది. సాయంత్రం వచ్చి చూస్తే వాడు నిచ్చెన పట్టుకునే ఉన్నాడు. పైన ఎవరూ లేరు. అన్నా వదినా ఎదురుగా కూర్చుని, వాడు ఎంత బాగా పట్టుకున్నాడో చూస్తున్నారు.

మర్నాడు పిల్లలు చెట్టు కింద చదువుతుంటే, "చప్పుడు చేయకండి నాయనా," అందావిడ. అంతే. సుత్తులకి దుప్పట్లు చుట్టారు. అయినా చప్పుడు. సుత్తులు అవతల పారేసి మేకుల్ని వాసాల్లోకి అరచేతులతో నొక్కడం మొదలుపెట్టారు. పొద్దుపోయేసరికి చేతులు బొబ్బలెక్కాయి, ఒక్క మేకూ దిగలేదు. ఎదురుకొండ మీద మబ్బు కమ్ముతోంది. నాకిది చెబుతుంటేనే ఒళ్ళు మండుతోంది, ఆవిడ ఎలా తట్టుకుందో!

అప్పటికి ఆవిడకి అర్థమైంది. ముగ్గురినీ ముందు నిలబెట్టి విడమరిచి చెప్పింది: "ఓడలో వచ్చి రేవులో ఉన్న రేకులు మొయ్యండి. గోడలెక్కండి. రేకులు పరిచి మేకులు కొట్టండి. చప్పుడైతే అవనీ. ఆకలేస్తే దిగండి, తిని మళ్ళీ ఎక్కండి. కప్పు పూర్తయ్యేదాకా ఇదే పని."

చెప్పానుగా, చేతులు మంచివని. మూడు రోజుల్లో ఆ కప్పు ఎంత అందంగా లేచిందంటే, ఊరు ఊరంతా చూడ్డానికి వచ్చింది. పిల్లలు బల్లలు లోపలికి ఈడ్చుకుని ఎవరి చోట వాళ్ళు కూర్చున్నారు. సింహాద్రమ్మ గారు నల్లబల్ల మీద 'అ' రాయబోయి, ఏడుపు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయింది. వానకి ఇంకా ఒక రోజు ఉంది.

మర్నాడు మధ్యాహ్నం వీళ్ళ తిరుగు ప్రయాణం. దండలకి పూలు కోసుకొస్తామని టీచరూ పిల్లలూ పొద్దున్నే కొండవాలుకి వెళ్ళారు. ఇశ్రాయేలు కాగితం తిరగేశాడు. మిగిలింది ఒక్కటే సూచన.

"మీరు వచ్చినప్పుడు ఆ చోటు ఎలా ఉందో, వెళ్ళేటప్పుడు సరిగ్గా అలాగే ఉంచి వెళ్ళండి."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మనం వచ్చినప్పుడు కప్పు లేదు కదండీ?" అంది సుగుణమ్మ.

"లేదు. బల్లలు బురదలో తలకిందులుగా ఉన్నాయి," అన్నాడు జక్కరయ్య. "రేకులు రేవులో ఉన్నాయి."

"పొద్దున్నే చదవబట్టి సరిపోయింది, లేకపోతే గ్రేసమ్మ గారి దగ్గర పరువు పోయేది," అన్నాడు ఇశ్రాయేలు. ఇంకేముంది! ముగ్గురూ గోడలెక్కారు. వేయడానికి మూడు రోజులు పట్టిన కప్పు విప్పడానికి మూడు గంటలు పట్టలేదు. రేకులు తీసుకెళ్ళి రేవులో పేర్చారు. అప్పుడే సరుకు దింపి వెళ్తున్న ఓడవాడు, వద్దనుకున్నారేమోనని వాటిని ఎక్కించుకుని పోయాడు. బల్లల్ని బురదలో బోర్లించారు. ఒకటి వెల్లకిలా పడితే జక్కరయ్య వెనక్కి వెళ్ళి సరిచేశాడు.

వ్యాను ఎక్కేసరికి వాన మొదలైంది. మామూలు వాన కాదు, కుండలతో కుమ్మరించినట్టు. వ్యాను మలుపు తిరుగుతుంటే వెనక నుంచి అరుపులు. చూస్తే సింహాద్రమ్మ గారూ, ఆవిడ వెనక నలభై మంది పిల్లలూ, చేతుల్లో పూలదండలతో వానలో పరిగెత్తుకొస్తున్నారు. ఆవిడ గొంతు చించుకుని ఏదో అంటోంది, వానహోరులో వినబడడం లేదు.

"మనల్ని వదల్లేకపోతున్నారండీ," అని సుగుణమ్మ కళ్ళొత్తుకుంది. "అయ్యో, పసివాళ్ళు! ఎలా తడిసిపోతున్నారో చూడండి!"

ఇశ్రాయేలుకీ మనసు కరిగింది. వ్యాను కిటికీలోంచి తల బయటికి పెట్టి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని గట్టిగా కేకేశాడు.

"తడుస్తారమ్మా! పిల్లల్ని బళ్ళోకి తీసుకెళ్ళండి!"