పోలమ్మ అడిగిన మాట

పరాంకుశం మాస్టారు ఏ ప్రశ్నకూ కూర్చొని జవాబు చెప్పేవారు కాదు. వరండాలో అటూ ఇటూ నడుస్తూనే చెప్పేవారు. ఆ ఉదయం శిష్యురాలు హైమావతి కూడా కూర్చోలేకపోయింది. ఒకప్పటి మునిసిపల్ చైర్మన్ రామభద్రయ్య శతజయంతికి ఆమె పట్టణ చరిత్ర రాస్తోంది. ఊరికి కొళాయి నీళ్లు తెచ్చింది ఆయనే. రోడ్డు కోసం గుడిసెలు పీకించి, అడ్డుపడినవాళ్ల మీద పోలీసులచేత కాల్పులు జరిపించిందీ ఆయనే.

"మంచివాడని రాయనా, చెడ్డవాడని రాయనా మాస్టారూ? ఎటు రాసినా సగం ఊరు నా మీద పడుతుంది."

"నేను రెండూ రాశానమ్మా" అన్నారు మాస్టారు.

మాస్టారు తన పట్టణ చరిత్ర పుస్తకం మొదటిసారి రాసేనాటికి చైర్మన్ బతికే ఉన్నాడు. కాల్పుల గురించి అందులో ఒకే వాక్యం రాశారు: ‘రోడ్డు విస్తరణ సందర్భంగా స్వల్ప ఘర్షణ జరిగింది.’ పుస్తకావిష్కరణ సభలో చైర్మన్ ఆయనకు శాలువా కప్పాడు. మర్నాడు పోలమ్మ వచ్చింది. ఆమె భర్త అప్పన్న ఆ కాల్పుల్లోనే పోయాడు. చదువు రాదు కనుక ఆ పేజీ చదివి వినిపించమంది. విని, మళ్లీ చదవమంది.

"ఇందులో మా మావ ఏ మాటలో ఉన్నాడు బాబూ?"

ఆ ప్రశ్న మాస్టారిని ఏళ్ల తరబడి కుదురుగా ఉండనివ్వలేదు. చైర్మన్ పోయాక ధైర్యం వచ్చింది. రెండో ముద్రణలో అప్పన్న పేరు రాశారు, చైర్మన్‌ను హంతకుడన్నారు, కొళాయిల అధ్యాయం మొత్తం తీసేశారు. పోలమ్మ సంతోషిస్తుందనుకొని, తానే ఆమె ఇంటికి వెళ్లి చదివారు.

ఆమె చివరిదాకా విని, "కొళాయి మాటేది?" అంది.

"తీసేశాను."

"ఆ గొట్టాలు మోసినోళ్లలో మా మావా ఉన్నాడు బాబూ. నీళ్లొచ్చిననాడు దోసిలి పట్టి తాగి ఎంత మురిసిపోనాడో! అదీ తీసేసినావేటి?"

మాస్టారు చెప్పడం అక్కడితో ఆపేశారు. హైమావతి అడిగింది: "మూడోసారి రాయలేదా?"

"రాశాను. వినిపిద్దామని వెళ్లేసరికి ఆవిడ పోయి నెలైంది. అచ్చుకివ్వడానికి చెయ్యి రాలేదు."

"మరి నన్నేం చెయ్యమంటారు?"

"రాసింది ముందు ఎవరికి చదివి వినిపిస్తావో చూసుకో తల్లీ" అన్నారు మాస్టారు.